బడికి వచ్చే డబ్బు తరగతి గదిలో ఏం మారుస్తుంది? ప్రకాశం, నెల్లూరు బడుల లెక్క

క్లుప్తంగా: నిధులు పెరిగినంత మాత్రాన పిల్లల నడవడిక దానంతట అదే మారదు. గోడలకు పెట్టిన ఖర్చు, కుటుంబాలకు ఇచ్చిన సొమ్ము చేసే మేలు వేరు. తరగతిలో అల్లరి, గైర్హాజరు, నోరు విప్పని బెదురు తగ్గాలంటే ఆ డబ్బు రోజూ పిల్లల దగ్గర ఉండే మనిషిగా మారాలి. ప్రభుత్వ బడుల ఖర్చులో చిక్కిపోయి ఉన్నది ఆ భాగమే.

2019 నవంబరు 14న ‘మన బడి నాడు–నేడు’ పథకం ఒంగోలులో మొదలైంది. 2021 జనవరి 11న అమ్మ ఒడి రెండో విడత డబ్బు నెల్లూరు సభలో విడుదలైంది. బడి ఖర్చులో రెండు పెద్ద పద్ధతులకు ఈ రెండు ఊళ్లూ వేదికలయ్యాయి. ఒకటి బడి గోడ మీద పెట్టే డబ్బు, రెండోది తల్లి ఖాతాలో వేసే డబ్బు. ఆ తర్వాత ప్రభుత్వం మారింది, పథకాల పేర్లూ మారాయి. ఈ రెండు పద్ధతులు మాత్రం కొనసాగుతున్నాయి.

ఇదే కాలంలో ఉపాధ్యాయుల నుంచి మరో మాట ఎక్కువగా వినిపిస్తోంది. బెంచీలు వచ్చాయి, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, పిల్లలు మాత్రం చేతికి అందడం లేదు అంటున్నారు. 2025 మార్చిలో విజయనగరం జిల్లాలో పిల్లల తీరు మారడం లేదన్న బాధతో ఒక ప్రధానోపాధ్యాయుడు వాళ్ల ముందే గుంజీలు తీసిన వీడియో రాష్ట్రమంతా తిరిగింది. ఇంత ఖర్చు పెట్టినా తీరు మారకపోతే తప్పు పిల్లలదా, పెంపకానిదా, టీచర్లదా అని వాదనలు నడిచాయి. ఆ వాదనల్లో డబ్బు ఏ రూపంలో తరగతి గది దాకా వస్తోందన్న ప్రశ్న పక్కకు పోయింది. ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

డబ్బు వచ్చే దారులు

ప్రభుత్వ బడికి వచ్చే డబ్బులో పెద్ద భాగం టీచర్ల జీతాలు. అవి బడి చేతికి రావు, నేరుగా ఉద్యోగికి వెళ్తాయి. రెండోది భవనాలు, మరుగుదొడ్లు, ఫర్నిచర్ మీద ఒకసారి పెట్టే ఖర్చు. మూడోది కుటుంబానికి అందేది. అమ్మ ఒడి చోట వచ్చిన తల్లికి వందనం కింద పిల్లకు రూ.15,000 లెక్కగట్టి, అందులో బడుల నిర్వహణకు రూ.2,000 పక్కన పెట్టి, 2025 జూన్‌లో రూ.13,000 చొప్పున తల్లుల ఖాతాల్లో వేశారు. మధ్యాహ్న భోజనం, పుస్తకాలు, యూనిఫాం పిల్లలకు వస్తువుల రూపంలో అందుతాయి.

ఇక మిగిలేది ప్రధానోపాధ్యాయుడు సొంతంగా ఖర్చు చేయగలిగిన డబ్బు. బడుల కోసం కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే సమగ్ర శిక్ష పథకంలో దీన్ని కాంపోజిట్ గ్రాంటు అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పథకం ఖర్చును కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లలో భరిస్తాయి. పథకం నిబంధనల ప్రకారం 30 మంది లోపు పిల్లలున్న బడికి ఏడాదికి రూ.10,000, వంద మంది దాకా రూ.25,000, 250 మంది దాకా రూ.50,000, వెయ్యి మంది దాకా రూ.75,000, ఆపైన లక్ష రూపాయలు. సుద్దముక్కలు, రిజిస్టర్లు, కరెంటు బిల్లు, పాడైన కుళాయి అన్నీ ఇందులోంచే. కనీసం పదో వంతు పరిశుభ్రతకు పెట్టాలి.

ఈ అంకెలను పిల్లల సంఖ్యతో భాగిస్తే అసలు సంగతి తెలుస్తుంది. 40 మంది ఉన్న ప్రాథమిక బడిలో ఒక్కొక్కరికి ఏడాదికి రూ.625. బడి 220 రోజులు నడుస్తుందనుకుంటే రోజుకు మూడు రూపాయలు కూడా పడదు. 600 మంది ఉన్న ఉన్నత పాఠశాలలో ఒక్కొక్కరికి ఏడాదికి రూ.125, అంటే రోజుకు 57 పైసలు. పిల్లల వయసు పెరిగి, గొడవలు ముదిరి, మాట్లాడి సర్దిచెప్పాల్సిన అవసరం ఎక్కువయ్యే చోటే తల ఒక్కింటికి వచ్చే సొమ్ము తగ్గిపోతోంది. పెద్ద బడికి కొన్ని ఖర్చులు కలిసివస్తాయన్నది నిజమే, కానీ ఐదో వంతుకు పడిపోయేంతగా కలిసిరావు.

పైగా ఈ డబ్బు విడతలుగా వస్తుంది. కొన్నేళ్లుగా ఒక్కో కేంద్ర పథకం నిధులు రాష్ట్రస్థాయిలో ఒక్కో ఖాతాలో ఉంటున్నాయి. బడి ఖాతాలో నిల్వ ఉండదు, ఖర్చుకు పరిమితి మాత్రమే ఉంటుంది. లెక్కల్లో పారదర్శకతకు ఇది మంచిదే. కానీ జూన్‌లో మోటారు కాలిపోతే ప్రధానోపాధ్యాయుడు ముందు జేబులోంచి పెట్టి, తర్వాత బిల్లు కోసం చూడాల్సి వస్తుంది.

నలభై మంది, ఐదు తరగతులు, ఇద్దరు టీచర్లు

విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది దాకా పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు ఉండాలి. పొదిలి, దర్శి చుట్టుపక్కల పల్లెల్లోనో, ఆత్మకూరు డివిజన్‌లోనో 40 మంది పిల్లలతో ఇలా నడిచే బడిని ఊహించుకుంటే, కాగితం మీద టీచరుకు 20 మంది. చట్టం చెప్పిన 30 కన్నా మెరుగు. జిల్లా నివేదికలో ఈ బడికి ఏ లోటూ కనిపించదు.

తరగతి గదిలో లెక్క వేరు. అక్కడ ఐదు తరగతులున్నాయి. రోజుకు ఐదు గంటల బోధన అనుకుంటే ఇద్దరు టీచర్లవి కలిపి పది గంటలు. దాన్ని ఐదు తరగతులకు పంచితే ఒక్కో తరగతికి సొంతంగా దొరికేది రెండు గంటలు. మిగతా మూడు గంటలు పిల్లలు చూచిరాత రాస్తూనో, ఎక్కాలు వల్లెవేస్తూనో, పక్క తరగతి పాఠం వింటూనో గడపాలి. ఒక టీచరు సెలవు పెట్టినా, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌కు వెళ్లినా ఆ రెండు గంటలు ఒక్క గంటే అవుతాయి.

అల్లరి పుట్టేది ఆ ఖాళీ గంటల్లోనే. ఏడేళ్ల పిల్లవాడు మూడు గంటలు తనంతట తాను కుదురుగా కూర్చోవడం ఏ ఇంట్లోనూ జరగదు. పెన్సిల్ లాక్కుంటాడు, పక్కవాణ్ని గిల్లుతాడు, నీళ్లకని వెళ్లి చెట్టు కింద ఆడుకుంటాడు. టీచరు పాఠం ఆపి అరవాలి. ఆ అరుపుకు పాఠం వింటున్న తరగతి కూడా చెదిరిపోతుంది. ఇందులో పిల్లవాడి గుణం కంటే కాలపట్టిక పాత్ర ఎక్కువ. యర్రగొండపాలెం, దోర్నాల వైపు నల్లమల అంచున ఉన్న చెంచు గూడేల్లాంటి చోట్ల ఏకోపాధ్యాయ బడి ఉంటే పరిస్థితి ఇంకా కష్టం. ఆ ఒక్కరూ రాని రోజున బడే ఉండదు.

2022లో వచ్చిన జీవో 117 కింద 3, 4, 5 తరగతులను ఉన్నత పాఠశాలలకు కలిపినప్పుడు ప్రభుత్వం చెప్పిన కారణం కూడా ఇదే. సబ్జెక్టు టీచర్లు దొరుకుతారు, తరగతికో గది వస్తుంది అన్నారు. కొందరు పిల్లలకు అది దక్కింది. కానీ పాత బడిలో మిగిలిన ఒకటి, రెండు తరగతులు చాలాచోట్ల ఒక్క టీచరుతో మిగిలాయి, చిన్నపిల్లల నడక దూరం పెరిగింది. 2025లో ఆ జీవోను రద్దు చేసి, పిల్లలు చాలినంత మంది ఉన్నచోట తరగతికో టీచరుతో మోడల్ ప్రైమరీ స్కూళ్లు ఏర్పాటు చేశారు. తరగతికి ఒక మనిషి అన్న సూత్రం సరైనది. 40 మంది ఉన్న ఊరికి అది ఇంకా అందలేదు.

బెత్తం పోయింది, దాని చోట ఏమీ రాలేదు

విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. ఈ చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. కొట్టడం తప్పే, ఆ నిషేధం అవసరమే. దాని వెనక ఒక ఆర్థిక విషయం ఉంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

బెత్తానికి ఖర్చు లేదు. ఒక్క టీచరు 60 మందిని భయంతో అరగంటలో కుదురుగా కూర్చోబెట్టగలిగేవారు. ఆ భయం పిల్లలకు చేసిన చేటు ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు. బెత్తం చోట రావాల్సినవి మాత్రం ఖర్చుతో కూడుకున్నవి. పిల్లవాడిని పక్కకు పిలిచి మాట్లాడే సమయం కావాలి. ఇంటికి కబురుపెట్టి తండ్రిని పిలిపించే వీలుండాలి. ఆటల పీరియడ్, వ్యాయామ టీచరు (పీఈటీ), పిల్లల సమస్యలు విని సలహా చెప్పే కౌన్సెలర్ ఉండాలి. ఇవన్నీ మనిషి గంటలే. చట్టం వచ్చింది, ఆ గంటలకు తగిన డబ్బు రాలేదు. వందమంది దాటిన ఆరు నుంచి ఎనిమిది తరగతుల బడికి చిత్రకళ, వ్యాయామం, పనివిద్యలకు పార్ట్‌టైం బోధకులు ఉండాలని అదే చట్టం షెడ్యూల్ చెబుతుంది. బడ్జెట్ బిగిసినప్పుడు ముందుగా తగ్గించేది వీళ్లనే.

అమెరికాలో స్కూల్ కౌన్సెలర్ల సంఘం 250 మంది విద్యార్థులకు ఒక కౌన్సెలర్ ఉండాలని సిఫారసు చేస్తుంది. అక్కడా చాలా రాష్ట్రాలు ఆ స్థాయిని అందుకోలేదు. ఇక్కడి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఆ పని చేసేది క్లాస్ టీచరు. రోజంతా పీరియడ్లు తీసుకుని, యాప్‌లో హాజరు వేసి, ఫొటోలు పెట్టి, మిగిలిన పదినిమిషాల్లో చేయాలి. ఫోనుకు అలవాటుపడి నిద్రలేకుండా వచ్చే తొమ్మిదో తరగతి పిల్లాడి సంగతి పదినిమిషాల్లో తేలదు. వాణ్ని వెనక బెంచీకి పంపేసి పాఠం నడిపించడమే జరుగుతుంది. వెనక బెంచీ నుంచి మానేయడం దాకా దూరం ఎక్కువ ఉండదు.

వలస నుంచి తిరిగొచ్చిన పిల్ల

ఈ ప్రాంతంలో నిధుల ప్రభావం బాగా తెలిసేది వలస కుటుంబాల పిల్లల దగ్గర. కనిగిరి, పామూరు, మార్కాపురం మెట్ట నుంచి, నెల్లూరు వైపు ఉదయగిరి, సీతారామపురం నుంచి కుటుంబాలు పనుల కోసం బయటికి వెళ్తాయి. కొందరు గుంటూరు, పల్నాడు మిరప కోతలకు, కొందరు హైదరాబాదు, బెంగళూరు భవన నిర్మాణ పనులకు పోతారు. తీరం వైపు యానాది కుటుంబాలు చెరువుల మీద కాపలాకు, వరి పనులకు చోటు మారుతుంటాయి. ఇంట్లో అవ్వ లేకపోతే పిల్లలూ వెంట వెళ్లాల్సిందే.

నాలుగు నెలల తర్వాత తిరిగొచ్చిన పిల్ల వయసు ప్రకారం ఐదో తరగతిలో కూర్చుంటుంది. పేరా చదవలేదు. చదవమంటే తోటివాళ్లు నవ్వుతారు. ఆ నవ్వు నుంచి తప్పించుకోవడానికి కొందరు పిల్లలు గొడవకు దిగుతారు, కొందరు అసలు నోరే తెరవరు. మొదటివాళ్లను రౌడీ అంటారు, రెండోవాళ్లను మొద్దు అంటారు. కారణం రెండు చోట్లా ఒక్కటే. పోయిన నాలుగు నెలల పాఠాన్ని కూర్చోబెట్టి చెప్పే మనిషి లేరు.

దీనికి మందు కొత్తగా కనిపెట్టాల్సినది కాదు. వలస వెళ్లేవారి పిల్లల కోసం సమగ్ర శిక్షలోనే సీజనల్ హాస్టల్ అనే ఏర్పాటు ఉంది. పిల్లలు సొంత ఊరి బడిలోనే రాత్రి ఉంటారు, అక్కడే తింటారు, ఒక సంరక్షకురాలు చూసుకుంటుంది. ఇక్కడ డబ్బు ఎంత అన్నదానికంటే ఎప్పుడు అన్నది ముఖ్యం. మిరప కోతలకు కూలీలు సంక్రాంతి అటూ ఇటూగా బయలుదేరతారు. హాస్టల్ తెరిచేందుకు అనుమతి, డబ్బు అప్పటికే చేతిలో ఉండాలి. ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చిలో విడుదలయ్యే రూపాయి పుస్తకాల్లో ఖర్చు అవుతుంది కానీ, ఏ పిల్లనూ ఊళ్లో ఆపలేదు. అదే మొత్తం డిసెంబరులో అందితే పిల్ల బడి మానదు, ఏప్రిల్‌లో వెనక బెంచీకీ చేరదు.

ఆడపిల్లలకు హాస్టల్‌తో నడిచే కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ఈ లోటును చాలావరకు తీరుస్తున్నాయి. పగటి బడిలో గొంతు విప్పని పిల్ల అక్కడ ఏడాది తిరిగేసరికి ప్రార్థనలో వార్తలు చదువుతుంది. తేడా పిల్లలో లేదు. అక్కడ సాయంత్రం కూడా ఒక టీచరు ఉంటుంది, వేళకు అన్నం ఉంటుంది. అందుకు ప్రభుత్వం పగటి బడి కన్నా తలకు ఎక్కువ ఖర్చు పెడుతోంది.

నీళ్లు, మరుగుదొడ్డి, అన్నం

కనిగిరి ప్రాంతంలో భూగర్భ జలంలో ఫ్లోరైడ్ సమస్య పాతది. బడిలో శుద్ధి యంత్రం పనిచేయకపోతే పిల్లలు ఇంటికి వెళ్లి తాగుతారు, మధ్యాహ్నం తిరిగిరారు. నాడు–నేడు ఇలాంటి యంత్రాలు పెట్టింది. ఫిల్టర్ మార్చే ఖర్చు మాత్రం ఏటా ఉంటుంది. గోడకు డబ్బు ఒకసారి చాలు, ఫిల్టరుకు, మనిషికి ఏటా కావాలి.

మరుగుదొడ్ల విషయంలో దేశవ్యాప్త పరిశోధన స్పష్టంగా ఉంది. 2000 తర్వాత బడుల్లో మరుగుదొడ్లు కట్టిన కాలాన్ని పరిశీలించిన అధ్యయనంలో, చిన్న తరగతుల్లో ఎలాంటి మరుగుదొడ్డి కట్టినా పిల్లల చేరిక పెరిగింది. ఈడొచ్చిన ఆడపిల్లల విషయంలో మాత్రం వాళ్లకు విడిగా ఉన్నచోటే ఆ మేలు దక్కింది. కట్టాక అది శుభ్రంగా ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పనికి ఆయాలను పెట్టి నెలకు రూ.6,000 ఇచ్చే ఏర్పాటు చేశారు, అప్పట్లో ఒక్కో తల్లికి ఇచ్చే అమ్మ ఒడి మొత్తంలోంచి వెయ్యి రూపాయలు తగ్గించింది ఇందుకే. ఆయా ఉన్న బడిలో మరో మేలు కూడా జరుగుతుంది. టీచరుకు చెప్పుకోలేని మాట చిన్నపిల్లలు ఆయాకు చెప్పుకుంటారు. ఆమె జీతం ఆగిన నెలల్లో ఆగేది శుభ్రత ఒక్కటే కాదు.

భోజనం మాటకొస్తే, వంట చేసే మహిళలకు కేంద్రం లెక్కలో గౌరవ వేతనం 2009 నుంచి నెలకు వెయ్యి రూపాయలే. రాష్ట్రం తన వాటా పెంచి రూ.3,000 ఇస్తోంది. ఉదయం ఏమీ తినకుండా వచ్చే పిల్లలు మొదటి రెండు పీరియడ్లలో చిరాకుగానో నిద్రమత్తుగానో ఉండటం టీచర్లందరికీ తెలిసిన విషయం. 2023లో రాష్ట్రం ఉదయం రాగి జావ మొదలుపెట్టింది. పక్కనున్న తమిళనాడు 2022 సెప్టెంబరు నుంచి ప్రాథమిక బడుల్లో ఏకంగా అల్పాహారమే పెడుతోంది.

మొండి అనిపించుకున్నవాళ్లు

పిలిస్తే పలకని పిల్లవాడికి వినికిడి తక్కువై ఉండవచ్చు. బోర్డు చూసి రాయని పిల్లకు చూపు సమస్య ఉండవచ్చు. పదేపదే లేచి తిరిగేవాడికి తన మీద తనకు అదుపు లేకపోవచ్చు. వీటిని పట్టుకోవడానికి శిక్షణ కావాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో నడిచే భవిత కేంద్రాలు, ఆ పిల్లలకు మామూలు బడుల్లో తోడ్పడే సహిత విద్య రిసోర్స్ టీచర్లు ఉన్నది ఇందుకే. మండలంలోని అన్ని బడులకూ ఒకరో ఇద్దరో అన్నప్పుడు, ఒక పిల్లవాడి దగ్గరకు వాళ్లు ఎన్నాళ్లకు వస్తారో ఊహించుకోవచ్చు.

2021లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత కేంద్రం ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక టీచరు, ఆపై స్థాయిలో 15 మందికి ఒకరు ఉండాలని నిర్ణయించింది. 2025లో ఆంధ్రప్రదేశ్ 2,260 ప్రత్యేక విద్య టీచరు పోస్టులు సృష్టించింది. ఈ పోస్టులు నిండితే తరగతి గదిలో మార్పు త్వరగా కనిపించే అవకాశం ఉంది. ఎందుకంటే ఒక్క పిల్లవాడి అవసరం తీరితే, వాడి చుట్టూ చెదిరిపోయే ముప్పై మంది పాఠం కూడా నిలుస్తుంది.

ఉమ్మడి రాష్ట్రంలో జరిగిన ప్రయోగం

డబ్బు రూపం ఎందుకు ముఖ్యమో చెప్పే సాక్ష్యం మన రాష్ట్రంలోనే ఉంది. ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ బృందం 2005 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో వరుసగా ప్రయోగాలు చేసింది. ఒకదానిలో వంద బడులకు పిల్లకు రూ.125 చొప్పున అదనపు గ్రాంటు ఇచ్చారు. ఆ డబ్బుతో బడులు ఎక్కువగా నోటు పుస్తకాలు, పలకలు, అభ్యాస సామగ్రి కొన్నాయి. మొదటి ఏడాది మార్కులు పెరిగాయి. రెండో ఏడాది ఆ మేలు నిలవలేదు. డబ్బు మళ్లీ వస్తుందని తెలిశాక తల్లిదండ్రులు తాము కొనే పుస్తకాలు, పెన్నుల ఖర్చు తగ్గించుకున్నారు. బడి పెట్టింది, ఇల్లు తగ్గించింది, పిల్లకు మిగిలింది అంతంతే.

అదే వరుసలో మరో వంద బడులకు అదనంగా ఒక కాంట్రాక్టు టీచరును ఇచ్చారు. అక్కడ చదువు మెరుగుపడింది. పుస్తకాన్ని ఇల్లు కొనగలదు కాబట్టి బడి ఇచ్చినప్పుడు ఇంటి ఖర్చు తగ్గుతుంది. టీచరు సమయాన్ని పల్లెలో ఏ కూలి కుటుంబమూ కొనలేదు కాబట్టి అది నికరంగా కలుస్తుంది. ఈ ప్రయోగాలు కొలిచింది మార్కులనే, నడవడికను కాదు. కానీ అమెరికాలోని టెన్నెసీలో 1985లో మొదలైన చిన్న తరగతుల ప్రయోగంలో 13 నుంచి 17 మంది ఉన్న తరగతుల పిల్లలు పాఠంలో ఎక్కువగా పాల్గొన్నారని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. రెండూ ఒకే వైపు చూపిస్తున్నాయి.

దీన్నిబట్టి తల్లి ఖాతాలో వేసే డబ్బు దండగ అనుకోకూడదు. అది పిల్లను పనికి పంపకుండా ఆపుతుంది, చెప్పులు కొనిపెడుతుంది, అప్పు తీరుస్తుంది. 40 మంది బడిలో అందరూ అర్హులైతే ఆ ఇళ్లకు ఏడాదికి రూ.5,20,000 అందుతుంది. బడి చేతికి వచ్చే కాంపోజిట్ గ్రాంటు రూ.25,000. పిల్లను బడి గుమ్మం దాకా తెచ్చే పని మొదటి మొత్తానిది. గుమ్మం దాటాక జరగాల్సిన పనికి రెండోది చాలదు.

ప్రైవేటు బడితో పోలిక

ప్రైవేటులో క్రమశిక్షణ ఉంటుందని కావలిలోనో సింగరాయకొండలోనో తల్లిదండ్రులు చెప్పే మాటకు ఆధారం లేకపోలేదు. చిన్న ప్రైవేటు బడి టీచరుకు ఇచ్చే జీతం ప్రభుత్వ టీచరు జీతంతో పోలిస్తే చాలా తక్కువ. శిక్షణ కూడా తక్కువే. కానీ ప్రతి తరగతిలో ఒక మనిషి ఉంటారు, గుమ్మం దగ్గర ఆయా ఉంటుంది, వ్యానులో క్లీనర్ ఉంటాడు. తక్కువ ఖర్చుతో ఎక్కువ మనిషి గంటలు కొంటున్నారు. ఫీజు కట్టగలిగిన ఇళ్ల పిల్లలే అక్కడికి చేరతారు కాబట్టి వలస, ఆకలి లాంటి భారం ఆ తరగతుల మీద పడదు. ఈ రెండో సంగతి వదిలేసి పోల్చడం ప్రభుత్వ టీచరుకు అన్యాయం.

మంచి భవనం పిల్లలను రప్పిస్తుందన్నది కూడా నిజం. 2025 జూలైలో నెల్లూరు వీఆర్ హైస్కూలు దాతల సాయంతో రూపుమారి తెరుచుకున్నప్పుడు సీట్లకు గట్టి డిమాండ్ వచ్చింది. అలా నిండిన తరగతులకు రెండో ఏడాది, మూడో ఏడాది కూడా టీచర్లు, ఆయాలు, పీఈటీలు చాలినంత ఉంటేనే ఆ ఆదరణ నిలుస్తుంది.

రాబోయే రోజుల్లో

2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటించి, ఆ ఏడాదే నియామకాలు చేశారు. మెట్ట మండలాలకు ఇది పెద్ద ఊరట. అయితే బదిలీ నిబంధనల్లో మారుమూల బడులు నాలుగో కేటగిరీ. కొత్తవాళ్లు ముందు అక్కడ చేరి, బదిలీకి కావాల్సిన పాయింట్లు కూడాక ఒంగోలు, నెల్లూరు దగ్గరికి వస్తారు. ఉద్యోగి వైపు నుంచి అది సహజం. పిల్లల వైపు నుంచి, తమ పేర్లు, ఇళ్లు, భయాలు తెలిసిన మనిషి ప్రతి కొన్నేళ్లకూ మారిపోతుంటారు. జీతం ఖర్చు అంతే ఉంటుంది, తరగతికి అందే సహాయం మాత్రం మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

గ్రాంటు మెట్లు ఇంకో చిక్కు. 31 మంది ఉన్న బడి నుంచి ఇద్దరు ప్రైవేటుకు వెళ్తే రూ.25,000 కాస్తా రూ.10,000 అవుతుంది. కరెంటు బిల్లు, ఫిల్టర్ ఖర్చు తగ్గవు. నిర్వహణ కుంటుపడితే మరో ఇద్దరు వెళ్తారు. మెట్ల బదులు తలసరి లెక్కతో పాటు ప్రతి బడికీ ఒక కనీస మొత్తం ఉంటే ఈ జారుడు కొంత ఆగుతుంది.

విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ కింద ప్రతి ప్రభుత్వ బడికీ ఒక యాజమాన్య కమిటీ ఉంటుంది. నాలుగింట మూడు వంతుల సభ్యులు తల్లిదండ్రులే, సగం మంది మహిళలు. గ్రాంటుల వినియోగాన్ని చూసే అధికారం చట్టమే వాళ్లకు ఇచ్చింది. గ్రాంటు ఏ నెలలో ఎంత పడింది, ఆయాకు ఎన్ని నెలలు జీతం ఆగింది, ఇద్దరు టీచర్లూ ఒకేసారి బడిలో ఉన్న రోజులు ఎన్ని అన్న మూడు వివరాలూ బడి రిజిస్టర్లలో దొరుకుతాయి. వాటిని నెలలవారీగా ఒక కాగితం మీద రాసి, పక్కనే పిల్లల హాజరు రాస్తే, ఏ నెలలో తరగతి ఎందుకు చెదిరిందో ఆ ఊరివాళ్లే చెప్పగలరు.